ఆ పాటలో మేరీ ఎవరు?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ మైకు మంచిదని. మైకు సంగతి ఆరునెలలు పనిచేస్తే మీకే తెలుస్తుంది. ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. పాట మన గదిలోంచి బయటికి పోయాక అది పోయి ఎవరి ఇంటి తలుపు కొడుతుందో మనకు తెలియదు.

నేను శంషాబాద్ చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా పాటలు రికార్డు చేశాను. పెద్ద గాయకులెవరూ నా మైకు ముందు నిలబడలేదు కాబట్టి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. భజనలు, క్రైస్తవ కీర్తనలు, ఎన్నికల పాటలు, పురుగుమందుల ప్రకటనలు, వాటి మధ్యలో జనం విన్న రాక్ పాట ఒకే ఒక్కటి. నేను రాయబోయేది ఆ ఒక్క పాట గురించే. మిగతావన్నీ కలిసి నేర్పలేని పాఠం అది నేర్పింది, పైగా నవ్విస్తూ నేర్పింది.

కోళ్ల షెడ్డు

ఇప్పుడు శంషాబాద్ అనగానే అందరూ తల పైకెత్తి విమానాల వంక చూస్తారు. తొంభైలలో మాకు లారీలే దిక్కు. సాతంరాయిలో బెంగళూరు రోడ్డు పక్కన ఒక పాత కోళ్ల షెడ్డును కిరాయికి తీసుకుని మా యజమాని రావు గారు స్టూడియో పెట్టారు. కోళ్లు పోయాయి, గుడ్ల అట్టలు మిగిలాయి. వాటినే గోడల నిండా కొట్టాం. శబ్దం గోడకు తగిలి వెనక్కి రాకుండా అవి ఆపుతాయని అప్పట్లో అందరికీ గట్టి నమ్మకం. లారీ హారన్‌ను మాత్రం వాటి తాతలు కూడా ఆపలేరు. వాన పడితే షెడ్డు తన పాత వాసన మళ్లీ గుర్తు చేసుకునేది. గాయకులు శ్రుతి కంటే ముందు ముక్కు సవరించుకునేవారు.

అందుకని మాకొక పద్ధతి ఉండేది. గాయకుడు మైకు ముందు ఊపిరి బిగబట్టి నిలబడితే, నేను వెంటిలేటర్ లోంచి రోడ్డు చూస్తూ ఒక చెయ్యి పైకెత్తి ఉంచేవాణ్ని. అటూ ఇటూ రోడ్డు ఖాళీ అయ్యాక చెయ్యి దించితే పాట మొదలు. మధ్యలో లారీ వస్తే అదృష్టం ఎవరిదో చూడాలి. అందరినీ కలిపి ఒకే టేపు మీద ఒకేసారి రికార్డు చేసేవాళ్లం కాబట్టి, చెడిన చోట మళ్లీ పాడించి పైన అద్దే వీలు లేదు. ఉన్నదాన్ని బ్లేడుతో కోసి, రెండు కొసలూ కలిపి అతికించడమే.

కోసిన ముక్కలను నేను పారేసేవాణ్ని కాదు. చిన్న చుట్టగా చుట్టి గుడ్ల అట్టల గుంటల్లో పెట్టేవాణ్ని. రావు గారు చూసి, "కోళ్లు పోయినా గుడ్లు పెట్టడం మానలేదయ్యా నీ షెడ్డు," అనేవారు. మీరు కంప్యూటరు మీద పని చేస్తున్నా ఇదే మాట చెబుతాను. కోసింది దాచుకోండి.

మా రావు గారు

రావు గారిది తెనాలి వైపు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా కనిపెట్టేవారు. తబలా బిగువు ఎంత ఉండాలో పక్కగదిలోంచి చెప్పేవారు. అంత మంచి చెవి నేను మళ్లీ చూడలేదు. కానీ ఆ చెవి స్వరాలకు మాత్రమే తెరుచుకునేది, మాటలకు కాదు. హైదరాబాదుకు వచ్చి ఎన్నేళ్లయినా ఆయన ఉర్దూ పానీ దగ్గర మొదలై చాయ్ దగ్గర ఆగిపోయింది. మా తెలంగాణ మాట విని, "మీ భాషకు తోకలు కోసేశారేమిటయ్యా!" అని నవ్వేవారు. మనిషి మంచివారే. అయితే మంచి మనిషి చేసే తప్పు చాలా ధీమాగా ఉంటుంది.

రాయి నుంచి రాక్

యాదగిరిది సాతంరాయే. ఇంట్లో వ్యవసాయం, అతను మాత్రం కాటేదాన్‌లోని ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పని. రోజంతా మిషను రొద మీద అరిచి మాట్లాడి మాట్లాడి గొంతు గరుకుగా తయారైంది. ఆ గొంతుకు కీర్తన పనికిరాదు, భజన పనికిరాదు. ఫుట్‌పాత్ మీద దొరికిన ఇంగ్లీషు రాక్ క్యాసెట్లు వినగానే తన గొంతు దేనికి పుట్టిందో అతనికి అర్థమైపోయింది. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసే ఇద్దరు స్నేహితుల్ని పోగేసి ఒకరికి గిటారు, ఒకరికి డ్రమ్ములు అప్పగించాడు.

"రాక్ మన దగ్గర ఎవరు వింటారు యాదగిరీ?" అన్నాను.

"అన్నా, రాక్ అంటే రాయే గద. మనూరి పేరులనే రాయి ఉన్నది. ఇంకేడ పుట్టాలె చెప్పు?"

అతనికి ఇంగ్లీషు రాదు. అయినా పాత ఇంగ్లీషు పత్రికలు కొని, చదవడం వచ్చినవాళ్లతో చదివించుకునేవాడు. ఏ పాట ఎవరి మీద రాశారన్న సంగతులంటే ప్రాణం. ఫలానా పాట స్నేహితుడి భార్య మీద రాశాడట, ఫలానాది పక్కింటి అమ్మాయి మీదట, ఇంకొకటి బస్సులో ఒక్కసారి కనిపించి మళ్లీ కనిపించని మనిషి మీదట. నాకు చాయ్ తాగిస్తూ ఇవన్నీ రామాయణంలా చెప్పేవాడు.

"పెద్ద పాట ఎనక ఒక ఆడమనిషి ఉంటది అన్నా. ఆమె లేకుంటే పాట లేవదు."

"మరి నీ పాట వెనకాల ఎవరు?"

అతను సిగ్గుపడ్డాడు. "నాకెవరున్నరు? బండి ఉన్నది."

నిజంగానే బండి మీద రాశాడు. అతనికొక పాత మోటారు సైకిలు ఉండేది. చలికి లేవదు, వానకు లేవదు, ఎండకు లేచినా శంషాబాద్ దాటదు. లేచినప్పుడు మాత్రం వెనకాల వచ్చేవాళ్లకు రోడ్డు కనిపించనంత పొగ. దాని మీద ఉర్దూ కలిసిన తెలుగులో, మన దగ్గర అందరూ మాట్లాడుకునే తీరులోనే పాట కట్టాడు.

"మేరీ గాడీ! జర కనికరించవే. పొద్దుగాల్ల పలకవే, వానొస్తే అలుగుతవే. నువ్వు లేకుంటే కాటేదాన్ దాంక కాళ్లీడ్చుడే!"

గాడీ అన్న మాట మొదట్లో ఒక్కసారే. ఆ తర్వాత చరణం చరణానికీ "మేరీ! మేరీ!" అని గొంతు చించుకోవడమే.

జానెడు టేపు

రికార్డింగ్ రోజు వాళ్లకు రెండో షిఫ్టు ఉంది. పొద్దున్నుంచి టేకు మీద టేకు తీశాం. ఒకసారి గిటారు తీగ తెగింది. ఒకసారి డ్రమ్ములాయన కర్ర ఎగిరి గుడ్ల అట్టలో దిగింది. చివరికి ఒక టేకు అద్భుతంగా కుదిరింది. యాదగిరి కళ్లు మూసుకుని తన బండిని ఎంతో బాధగా బతిమాలాడు. కాకపోతే సరిగ్గా "గాడీ" అన్నచోట రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టింది. షిఫ్టుకు వేళయిందని ముగ్గురూ పరుగెత్తారు.

రావు గారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు.

"భేషుగ్గా ఉందయ్యా ప్రభుదాసూ. ఆ హారన్ ఉన్న మాట తీసేయ్."

"సార్, తీసేస్తే గాడీ పోతుంది."

"పోతే పోయింది. మేరీ అని అమ్మాయిని అంత ప్రేమగా పిలుస్తూ, మధ్యలో బండి గోల ఏమిటి? మేరీ చాలు."

"సార్, మేరీ అంటే అమ్మాయి పేరు కాదు. ఉర్దూలో నాది అని. నా బండి అంటున్నాడు."

"నా బండి అనాలంటే మేరా బండి అంటారు. ఆమాత్రం నాకూ తెలుసులే."

ఉర్దూలో బండి ఆడది సార్ అని రెండోసారి చెప్పాను. రావు గారు నా వైపు జాలిగా చూశారు. "బండిలో ఆడా మగా ఉండవయ్యా. కోయ్."

కోశాను. జానెడు టేపు. చుట్టి, చేతికందిన గుంటలో పెట్టాను.

అలా ఒక మోటారు సైకిలు ఆడపిల్ల అయిపోయింది. ఇప్పుడు ఆ పాట వింటే ఎవడికీ అనుమానం రాదు. పొద్దున్న పలకదు, వానొస్తే అలుగుతుంది, ఆమె లేకపోతే ఇతను కాళ్లీడుస్తాడు. మామూలు ప్రేమపాటలు దీనికంటే గొప్పగా ఏం ఏడుస్తున్నాయి?

మేరీలు బయల్దేరారు

మేము వేసి అమ్మిన క్యాసెట్ ఊపేసింది. ఆటోల్లో అదే, చాయ్ హోటళ్లలో అదే, పెళ్లి బరాత్‌లలో అదే, కల్లు కంపౌండ్‌లోనూ అదే. యాదగిరి విని, "గాడీ ఏడ పోయిందన్నా?" అని అడిగాడు. సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మంచిగనే ఉన్నది, ఉండనీయ్," అన్నాడు.

ఎందుకు ఉండనిచ్చాడో తర్వాత అర్థమైంది. జనం అతన్ని చూసిన చోటల్లా "మేరీ ఎవలు రా?" అని అడుగుతున్నారు. అతను పెదవి కొరికి, ఆకాశం వంక చూసి, చిన్నగా నవ్వుతున్నాడు. పత్రికల్లోని ఇంగ్లీషు గాయకులు అలాగే నవ్వుతారని అతనికి ఎవరో చెప్పారట.

మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో మేరీ లేని ఇల్లు ఉండదు. పెద్ద మేరీ, చిన్న మేరీ, మేరీ సునీత, మేరీ కమల. పాట బయటికి రాగానే జల్‌పల్లి నుంచి శంషాబాద్ దాకా మేరీలందరికీ ఒక్కసారిగా కొత్త కళ వచ్చింది. ఒక కాలేజీ మేరీ స్టూడియోకు వచ్చి, ఆ గాయకుడు బస్టాపులో తనను తిరిగి చూశాడని, కాబట్టి ఆ పాట తనదేనని, క్యాసెట్ అట్ట మీద తన ఫొటో వేస్తే తనకేమీ అభ్యంతరం లేదని చెప్పి వెళ్లింది. మేరీ కానివాళ్ల బాధ ఇంకోరకం. ఒకాయన వచ్చి, మేరీ ఉన్నచోటల్లా సుజాత అని మార్చి ఒక్క క్యాసెట్ చేసిస్తారా అని బతిమాలాడు.

అందరికంటే గట్టి హక్కుదారు మా మంత్రసాని మరియమ్మ; మరియ అన్నా మేరీయే. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. ఊళ్లో సగం మంది ఆమె చేతిలోనే పుట్టారు.

"గా పాట నా మీదనే రాసిండు ప్రభుదాసూ," అంది.

"నీ మీదనా అత్తా?"

"కాదా మల్ల? వాని బొడ్డు కోసింది నేనే. గా యాది ఉంచుకొని రాసిండు. వానొస్తే అలుగుతవే అన్నడు గద, నాకు వానకాలం మోకాళ్లు నొస్తయి. వానికెట్ల తెలిసెనో!"

ఇంతవరకూ అందరికీ వినోదమే. నేనూ రోజూ ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పి నవ్వేవాణ్ని.

బూత్ మేరీ

శంషాబాద్‌లో రోడ్డు పక్కన ఒక ఎస్టీడీ బూత్ ఉండేది. దాన్ని నడిపే మేరీ మా చర్చిలోనే పాటల గుంపును, అంటే క్వయర్‌ను నడిపించేది. భర్త, ఇద్దరు పిల్లలు. పగలంతా బూత్‌లో ఊరి వాళ్ల ఫోను కేకలు విని విని, ఆదివారం పూట క్వయర్ ముందు నిలబడి చెయ్యి ఎత్తిందంటే ఆమె ముఖమే వేరుగా ఉండేది. శ్రుతి తెలియని మనుషుల్ని పట్టుకుని నాలుగు గొంతుల పాట పాడించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆమెకు ఏ బడిలోనూ సంగీతం నేర్పలేదు. వారమంతా తాను బతికేది ఆ ఒక్క గంట కోసమేనని ఒకసారి నాతో అంది.

యాదగిరి బండి రోజూ సాయంత్రం ఆమె బూత్ ముందే ఆగేది. వేరే కారణం ఏమీ లేదు, బూత్ పక్కన మెకానిక్ ఉన్నాడు. ఎక్కడ మొరాయించినా మెకానిక్ దాకా తోసుకొచ్చి, కిక్కు కొడుతూ, తిడుతూ, మధ్యలో ఆ పాటే పాడుకుంటూ నిలబడేవాడు. జనం రెండూ రెండూ కలిపి పదహారు చేశారు. వయసులో పెద్ద, పెళ్లయిన మనిషి, పైగా పేరు మేరీ. కథకు ఇంకేం కావాలి?

బూత్ ముందు ఆటోలు ఆపి ఆ పాట పెట్టడం మొదలైంది. మేరీ భర్త తేలిగ్గానే తీసుకున్నాడు. "నా పెండ్లాం మీద పాటొస్తే నాకేం నష్టం? బియ్యం తక్కువైతయా?" అన్నాడట. మేరీ కూడా నవ్వి ఊరుకుంది. కానీ ఒక ఆదివారం ఆరాధనలో ఆమె కీర్తనకు చెయ్యి ఎత్తగానే వెనక బెంచీల్లో ఎవడో ఆ పాట ఈల వేశాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. సంఘ పెద్ద ఆశీర్వాదం గారి ముఖం ఎర్రబడింది. ఈల వేసినవాణ్ని ఆయన ఏమీ అనలేదు. క్రిస్మస్ పాటలు ఈసారి మేరీ నడిపించదని, వచ్చే ఆదివారం పెద్దలు కూర్చుని తీర్మానం చేస్తారని చెప్పించారు.

మర్నాడే మేరీ స్టూడియోకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ప్రభన్నా, గా పాటల మేరీ ఎవలు?"

గాడీ కథంతా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"బండా? ఒక బండి కోసం నా క్వయర్ పోతున్నదా అన్నా?"

అప్పటిదాకా ఇంట్లో చెప్పి నవ్వుకున్న కథ నాకు చేదుగా అనిపించింది. కోసిన ముక్క నా దగ్గర ఉందని, అతికించి పెద్దలకు వినిపిస్తానని మాటిచ్చాను. ఏ గుంటలో పెట్టానో గుర్తులేక గోడంతా వెతికాను. అన్నమాచార్యుల కీర్తనలో దగ్గు దొరికింది, ఎన్నికల పాటలో తుమ్ము దొరికింది, చివరికి గాడీ కూడా దొరికింది. అతికించి క్యాసెట్‌లోకి ఎక్కించాను.

పేరు పోతుందన్న భయం

టేపు ఒక్కటే చాలదు, రాసినవాడు వచ్చి నోటితో చెప్పాలి. కాటేదాన్ పోయి లేత్ పక్కన నిలబడి యాదగిరికి చెప్పాను. అతను మిషను ఆపాడు.

"అన్నా, బండి అని చెప్పినంక ఎవ్వడన్న ఇంటడా గా పాట? మేరీ అంటేనే ఇంటున్నరు."

"అక్కడ ఒక మనిషి పరువు పోతోంది యాదగిరీ."

"నేనామె పేరు ఎన్నడన్న తీసిన్నా? ఒక్క మాటన్న అన్నానా?"

"అనలేదు. నవ్వావు. అది చాలు వాళ్లకు."

అతను చేతులకు అంటిన నూనెను గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. "గా ఇంగ్లీషు పాటల ఆడోళ్లు గూడ గిట్లనే పరేషాన్ అయిన్రు కావచ్చునా అన్నా? పుస్తకంల గది రాయలే," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. పాటలు కట్టేవాళ్లలో నేను చాలాసార్లు చూసిన జబ్బే అతనికీ పట్టింది. పాట లేచిందంటే దాని కింద ఎవరు నలుగుతున్నారో వాళ్లకు కనిపించదు. మనం రికార్డు చేసేవాళ్లం కాస్త దూరంగా కూర్చుంటాం కాబట్టి మనకైనా కనిపించాలి.

ఆదివారం

ఆరాధన అయ్యాక పెద్దలు చర్చిలోనే ముందు బెంచీల్లో కూర్చున్నారు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, మధ్యలో కూర్చున్నారు. చాలామంది ఇళ్లకు పోకుండా మిగిలారు. మరియమ్మ అయితే అందరికంటే ముందు వరసలో చేరింది. నేను టేప్ రికార్డర్ బల్ల మీద పెట్టాను. యాదగిరి బండిని తోసుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చి, దాన్ని గేటు లోపల నిలబెట్టి, చెప్పులు విప్పి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆశీర్వాదం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా మేరీ, నీ మీద మాకేం కోపం లేదు. కానీ సంఘం పేరు గూడ చూడాలె గద. నిప్పు లేంది పొగ రాదంటరు."

"పొగ గా బండిది రా ఆశీర్వాదం," అంది మరియమ్మ. "గేటు కాడ పెట్టిండు, పోయి చూడు."

జనం నవ్వారు. అయ్యగారు చెయ్యెత్తి, "ప్రభుదాసు ఏదో వినిపిస్తానన్నాడు, విందాం," అన్నారు. నేను మీట మీద వేలు పెట్టాను.

"ఆగు ప్రభన్నా," అంది మేరీ.

లేచి నిలబడింది. 

"గా టేపు ఇంటే నేను బతికిపోత. పాట బండి మీద రాసిండని అందరికి తెలుస్తది. మంచిదే. కానీ రేపు ఇంకొకడు నిజంగనే నా మీద పాట రాస్తడు. రాయొద్దని నేనెట్ల ఆపాలె? గప్పుడు మల్ల నన్ను దించుతరా? పాట కట్టినోడు తిరుగుతుండు, అమ్మినోడు తిరుగుతుండు, ఈల ఏసినోడు గూడ మీ ఎనకనే కూసున్నడు. దిగాల్సింది నేనొక్కదాన్నేనా?"

ఆమె నా టేప్ రికార్డర్ వైపు చూపించింది.

"బండి పుణ్యాన నాకు క్వయర్ వద్దు. మంచిగ పాడిస్తున్న అంటే ఉంచుండ్రి. పాడిస్తలేను అంటే ఇప్పుడే దిగుత. గది చెప్పుండ్రి ముందుగాల. టేపు సంగతి తర్వాత."

ఆ 'అమ్మినోడు' అన్నది మాకే తగిలింది. తగలాల్సిందే. సాక్ష్యం తెచ్చి ఆమెను కాపాడుతున్నానని నేను లోపల్లోపల పొంగిపోతున్నాను. ఆమెకు కావాల్సింది ఆ కాపాడటం కాదని అప్పటిదాకా నా బుర్రకు తట్టనే లేదు.

ఆశీర్వాదం గారు బెంచీ మీద అటూ ఇటూ కదిలారు. "గట్ల కాదమ్మా, జనం ఏమనుకుంటరు..."

మరియమ్మ కర్ర నేలకు తాటించింది. "నా పేరు గూడ మేరీయే రా. గా పాట నా మీదనే అని నేనే నలుగురికి చెప్పుకున్న. నన్ను గూడ తీసేయ్ సంఘంల కెళ్లి. నీ బొడ్డు గూడ నేనే కోసిన, గది యాది పెట్టుకొని మాట్లాడు."

అయ్యగారు నవ్వు ఆపుకుంటూ పెద్దలందరి ముఖాలూ చూశారు. తర్వాత ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగారు. మేరీ పాడించడం ఎలా ఉంది? వేరే ప్రశ్న లేదు. ఒకాయన బాగుంటుందన్నారు. ఇంకొకాయన, ఆమె రాకముందు మన పాట వింటే వీధి కుక్కలు పారిపోయేవి అన్నారు. ఆశీర్వాదం గారి వంతు వచ్చింది. ఆయన తల దించుకుని, "మంచిగనే పాడిస్తది," అన్నారు.

"అయితే ఆమే పాడిస్తుంది," అన్నారు అయ్యగారు.

మేరీ ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఇగ ఎయ్యి ప్రభన్నా."

వేశాను. "మేరీ" అని యాదగిరి గొంతు చీల్చుకుంది, వెనకాలే లారీ హారన్ చర్చి కప్పు ఎగిరిపోయేలా మోగింది, అందులోంచి "గాడీ!" అన్నది వినపడింది. చర్చి అంతా పగలబడి నవ్వింది. తిరిగి చూసి గేటు దగ్గర ఉన్న బండిని చూసినవాళ్లు కడుపులు పట్టుకున్నారు. మరియమ్మ ఒక్కతే నమ్మలేదు. "బండికి మోకాళ్లెందుకు నొస్తయి?" అని చాలాకాలం వాదిస్తూనే ఉంది.

యాదగిరి తలుపు దగ్గర్నుంచి రెండడుగులు లోపలికి వచ్చాడు. "మాఫ్ చెయ్యి అక్కా. అడిగినోళ్లకు నోరిప్పి చెప్పకపోతి. ఇగ పాటల ఎవరి పేరు పెట్టాల్నో గూడ సమజైతలేదు."

"నీ పేరే పెట్టుకో తమ్మీ," అంది మేరీ. "పరేషాన్ ఏదన్న వస్తే సక్కగ నీ ఇంటికే వస్తది."

అతను నిజంగానే తర్వాతి పాటలో తన పేరు పెట్టుకున్నాడు. దాన్నీ నేనే రికార్డు చేశాను. ఆ క్యాసెట్లు చాలాకాలం మా షెడ్డులోనే ఉండిపోయాయి. రావు గారు మాత్రం చివరిదాకా బండి ఆడదన్న సంగతి ఒప్పుకోలేదు.

జనం లేచి వెళ్లిపోతున్నారు. ఆశీర్వాదం గారు మేరీ దగ్గరికి వచ్చి, ఏదైనా మంచి మాట చెప్పి వ్యవహారం ముగించాలనుకున్నారు. "ఇన్ని దినాలు పరేషాన్ చేసినం అమ్మా. మనసుల పెట్టుకోకు. క్వయర్‌కు ఏమన్న కావాల్నంటే అడుగు."

"కావాలె పెద్దయ్యా," అంది మేరీ. ఆయన కూడా క్వయర్‌లోనే, మగవాళ్ల వరసలో పాడతారు. "రెండో చరణంల మీ శ్రుతి కిందికి పోతున్నది. అందరు మీ ఎనకనే పోతున్నరు. సంఘ పెద్ద అని ఇన్నొద్దులు చెప్పలే. మంగళవారం సాధనకు రాండ్రి."

నేను టేప్ రికార్డర్ వైరు చుడుతున్నవాణ్ని ఆగిపోయాను.

మంగళవారం నేను కూడా పోయాను, చూడకుండా ఉండలేక. ఆయన అందరికంటే ముందే వచ్చి ఉన్నారు. మేరీ చెయ్యి ఎత్తగానే చేతులు కట్టుకుని, ఆమె వేలి వంకే చూస్తూ, రెండో చరణం అందుకున్నారు.